కిలో డబ్బా లెక్క

ఆ సందులోని ప్రెస్సులో ఏడాదికొకసారి పిల్లల లెక్కల పుస్తకం అచ్చవుతుంది. ముందు నూట అరవై పేజీల నిండా లెక్కలు, వెనక పన్నెండు పేజీల్లో జవాబులు. ఆ పన్నెండు పేజీలూ ఒక్క మనిషి చేతి పని. ఆయన్ని అందరూ జవాబుల మాస్టారు అంటారు. నిజానికి ఆయన ఏ బడిలోనూ ఒక్క పూటైనా పాఠం చెప్పలేదు. ఇరవై రెండేళ్ల కిందట కాగితం కట్టలు మోసే పనికి వచ్చి, భోజనాల వేళ ఊసుపోక జవాబుల పేజీ తిరగేస్తూ పదకొండు తప్పులు పట్టుకున్నాడు. మర్నాడే యజమాని ఆయన్ని కట్టల దగ్గర్నుంచి పిలిచి కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ కూర్చోవడం కూర్చోవడమే. అప్పట్నుంచి ప్రతి లెక్కనూ చేసి చూడడం, జవాబు రాయడం, ప్రూఫు ఎర్ర సిరాతో దిద్దడం ఆయన పని.

ఇంకో పని కూడా పెట్టుకున్నాడు. దానికి జీతం లేదు. లెక్కలు రాసేవాళ్లని పురుగుల్లా చూడడం.

"అరవై పుచ్చకాయలు కొన్నాడట!" అని ప్రూఫు కాగితాన్ని, మురికిగుడ్డ పట్టుకున్నట్టు, రెండు వేళ్లతో పైకెత్తేవాడు. "ఎవడు వీడు? ఏనుగుని పెంచుతున్నాడా?"

పక్క బల్ల దగ్గర అచ్చయిన ఫారాలు మడత పెడుతున్న బైండింగు అమ్మాయి కిసుక్కున నవ్వేది. "ఇంట్లో పెళ్లేమో బాబాయ్!"

"పెళ్లయితే మాత్రం? కుర్చీల్లేక వచ్చినవాళ్లని పుచ్చకాయల మీద కూర్చోబెడతాడా? ఇదిగో, ఇంకో మహానుభావుడు. రైల్లో పోతూ కిటికీలోంచి పెన్సిళ్ల ధర కనుక్కున్నాడు. రైలు వేగమూ ఇచ్చాడు, పెన్సిలు ధరా ఇచ్చాడు. రెంటికీ ఏంటి సంబంధం? వాడి మొహం!"

ఇలాంటివాళ్లు రాసినదాన్ని మాట మాటా చదవడం తన కళ్లకి తాను చేసుకునే అన్యాయమని ఆయన ఉద్దేశం. అందుకని చదవడం మానేశాడు. అంకెలు చూసేవాడు, ఆఖరి వాక్యం చూసేవాడు. 'ఎంత మిగిలింది' అని ఉంటే తీసివేత. 'ఏది చవక' అని ఉంటే భాగహారం. ధరలు పోల్చే లెక్కలకైతే ఆ శ్రమ కూడా దండగ అనుకునేవాడు. విడి సబ్బు కంటే మూడు సబ్బుల పెట్టె చవక, చిన్న సీసా కంటే పెద్ద సీసా చవక, పొట్లం కంటే డబ్బా చవక. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా ఇది తప్పలేదు. లెక్కలు రాసేవాళ్లందరికీ కలిపి దేవుడు ఒకటే బుర్ర ఇచ్చాడనీ, దాన్ని కూడా అరిగిపోతుందని వాళ్లు వాడకుండా దాచుకున్నారనీ ఆయన నమ్మకం.

ఆయన కుర్చీ పక్కనే కిటికీ కదా, పొద్దున పూట గాలి జోరుగా వచ్చేది. ఆయన రాకముందే బైండింగు అమ్మాయి ఆయన బల్ల మీది కాగితాల మీద తన జిగురు డబ్బా బరువు పెట్టి, కిటికీ రెక్క ఒకటి మూసి ఉంచేది. ఆయన వచ్చే అడుగుల చప్పుడు వినగానే డబ్బా తీసుకుని తన బల్ల దగ్గరికి వెళ్లిపోయేది. తన బల్ల మీద ఒక్క కాగితం కూడా ఎగరదని, క్రమం తెలిసిన మనిషి దగ్గర గాలి కూడా బుద్ధిగా ఉంటుందని ఆయన ఒకసారి యజమాని ముందు చెప్పుకున్నాడు. ఆ అమ్మాయి విని, తల వంచుకుని, ఫారం మడత గోటితో నొక్కుకుంది.

ఇంట్లో కూడా లెక్క ఆయనదే. భార్య ఇంటి దగ్గరే రవికెలు, గౌనులు కుడుతుంది. వీధిలో సగం మంది కొలతలు ఆమెకి నోటికొచ్చు. అయినా ఇంట్లోకి ఏ సామాను కావాలన్నా ఒకటో తారీఖున ఆయనే వెళ్లి తెచ్చేవాడు. లెక్క తెలిసినవాడు ఉండగా తెలియనివాళ్లు కొట్టుకి వెళ్లడమేమిటని ఆయన వాదన. బట్టల సబ్బుపొడి ఎప్పుడూ కిలో డబ్బాయే. చేతికీ చొక్కాకీ అంటిన ఎర్ర సిరా వదలాలంటే పొడి బాగానే పట్టేది. డబ్బాలు కొనడం మొదలుపెట్టిన కొత్తలో ఒకసారి భార్య, దారం కొరుకుతూ, "పొట్లాల్లో కొంటే నయమేమోనండీ" అంది.

"నీ పని కుట్టడం. కుట్టుకో" అన్నాడు.

ఆమె కుట్టుకుంది. ఖాళీ డబ్బాలు మాత్రం పారేయలేదు. కడిగి, ఆరబెట్టి, ఒకదాన్లో గుండీలు, ఒకదాన్లో జిప్పులు, ఒకదాన్లో లేసు ముక్కలు పోసుకుంది. మిషను వెనక గోడ బల్ల మీద ఇప్పుడు ముప్ఫై ఒక్క డబ్బాలు వరసగా ఉన్నాయి.

ఈ ఏడు పుస్తకానికి ఒక విశేషం కలిసొచ్చింది. కొన్ని బళ్లవాళ్లు, 'జవాబులు ఎవరు చూస్తారండీ, ఒక్క తప్పు కూడా దొరకదు' అని యజమానిని అడిగారట. యజమాని సంతోషపడి మాస్టారితో, "మొదటి పేజీలో మీ పేరు వేద్దాం. 'జవాబులు సరిచూసినవారు' అని పెట్టి, కింద మీ పేరు" అన్నాడు. ఇరవై రెండేళ్లుగా మాస్టారి అంకెలు అచ్చవుతున్నాయి గాని, ఆయన పేరులోని ఒక్క అక్షరమూ అచ్చు మొహం చూడలేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి, చొక్కా విప్పకుండానే భార్యకి చెప్పాడు. ఆమె, ఒక పిల్లకి గౌను కుట్టగా మిగిలిన నీలం పట్టుగుడ్డతో పుస్తకానికి సరిపడా తొడుగొకటి కుట్టి, ఇస్త్రీ చేసి, అల్మారాలో పెట్టింది. ఆ పిల్ల తల్లికి, "మా ఆయన పేరు పుస్తకంలో వేస్తున్నారు" అని చెప్పడం మటుకు ఆయన చెవిన పడింది.

అలాంటి ఏడాదే లెక్కలు రాసే పనికి కొత్త మనిషి రావాలా! పాతాయన ఆరోగ్యం బాగోలేక మానుకుంటే, ఒక చిన్న బడి టీచరమ్మని పెట్టుకున్నారు. శనివారం మధ్యాహ్నం బడి వదిలాక గుడ్డసంచీ భుజాన వేసుకుని వచ్చేది. మోచేతి దగ్గర సుద్దపొడి, చెప్పులకి దుమ్ము. ఆ వాలకం చూసే జవాబుల మాస్టారు పెదవి విరిచాడు. ఆమె లెక్కలు చూశాక విరవడానికి పెదవి చాలలేదు.

"ఇదేంటమ్మా? 'రెండు కిలోల ఉల్లిపాయలు కొనగా, అందులో కుళ్లినవి నాలుగు తీసేసి తూచగా' అని రాశావు. పిల్లలు లెక్క చెయ్యాలా, ముక్కు మూసుకోవాలా?"

"కొనేటప్పుడు అవి కూడా తూకంలో వస్తాయి కదండీ మాస్టారూ" అంది టీచరమ్మ నెమ్మదిగా.

"తూకంలో రాళ్లు కూడా వస్తాయి. వాటికో లెక్క రాయి."

"రాశానండీ. తర్వాతి పేజీలో ఉంది."

బైండింగు అమ్మాయి ఫారాల వెనక మొహం దాచుకుంది. జవాబుల మాస్టారు ఆ రోజు కుళ్లిన ఉల్లిపాయలు నాలుగింటినీ ఎర్ర సిరాతో కొట్టేశాడు. రాళ్లని కూడా ఏరేశాడు. అంకెలు శుభ్రపడ్డాయని చేతులు దులుపుకున్నాడు.

తర్వాత రెండు వందల పదిహేడో లెక్క వచ్చింది.

'రెండు వందల గ్రాముల సబ్బుపొడి పొట్లం ధర ఇరవై నాలుగు రూపాయలు. కిలో డబ్బా ధర నూట ముప్ఫై రూపాయలు. ఏది చవక? కిలోకి ఎంత తేడా?'

ఆ కాగితానికి గుండుసూదితో ఒక చీటీ గుచ్చి ఉంది. ఆయన చీటీ చదవలేదు. పీకి బుట్టలో వేశాడు. అంకెలు చూశాడు. ఐదు పొట్లాలు నూట ఇరవై, డబ్బా నూట ముప్ఫై. అంటే డబ్బా ఖరీదెక్కువ! ఆయనకి నవ్వాగలేదు.

"చూడమ్మాయ్, చూడు. బడిపంతులమ్మ అంకెలు తిరగేసి రాసింది! డబ్బా నూట ఇరవై. మొన్న ఒకటో తారీఖున నా చేత్తో ఇచ్చి తెచ్చుకున్నాను. పొట్లాలయితే నూట ముప్ఫై కావాలి. జీతం తీసుకుని పిల్లలకి ఇదే నేర్పుతోంది కాబోలు. ఆ పిల్లల్ని దేవుడే చూసుకోవాలి."

ఇరవై నాలుగుని ఇరవై ఆరు చేశాడు. నూట ముప్ఫైని నూట ఇరవై చేశాడు. వెనక పేజీలో, 'డబ్బా చవక, పది రూపాయలు' అని జవాబు రాశాడు. పొట్లం అసలు ధర ఎంతో ఆయనకి తెలీదు. పొట్లాలు చిల్లర జనం కొనే సరుకని ఎప్పుడూ వాటివైపు చూసినవాడు కాదు.

తర్వాతి శనివారం ఆఖరి ప్రూఫు బల్ల మీదికి వచ్చింది. మొదటి పేజీలో 'జవాబులు సరిచూసినవారు' అన్న వరస, దాని కింద ఆయన పేరు. ఆయన దాన్ని నాలుగుసార్లు చూసుకున్నాడు. అక్షరాలు కుదురుగా ఉన్నాయి. టీచరమ్మ అవతల కూర్చుని లెక్కలు చదువుకుంటూ వస్తోంది. రెండు వందల పదిహేడు దగ్గర ఆగింది.

"మాస్టారూ, ఈ ధరలు మారాయే?"

"మారలేదమ్మా. మార్చాను. తప్పు రాశావు, దిద్దాను. అలవాటే నాకు."

"తప్పు కాదండీ. కొట్లో చూసి రాసుకున్న ధరలే. మార్చొద్దని చీటీ కూడా గుచ్చాను కదా. చూడలేదా?"

ఆయన నోరు తెరిచేలోగా బైండింగు అమ్మాయి లేచి వచ్చి, తన సొరుగులోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టింది. "ఇదా అక్కా? గాలికి ఎగిరొచ్చి నా దగ్గర పడింది. చెప్పడం మర్చిపోయాను. నాదే పొరపాటు." చిత్తుబుట్టలోంచి ఏరి, వెనక వైపు తెల్లగా ఉందని దాచుకున్న చీటీ అది. జవాబుల మాస్టారు ఆ అమ్మాయి వైపు చూశాడు. అబద్ధం కూడా సరిగా ఆడటం రాదనుకున్నాడు. తన కోసమే ఆడిందన్న మాట ఆయనకి తట్టలేదు.

గొంతులు విని యజమాని గదిలోంచి వచ్చాడు. "ఏంటి గొడవ?"

"గొడవేం లేదండీ. పెద్ద డబ్బా ఖరీదెక్కువట, చిన్న పొట్లం చవకట. ఈవిడ కొత్త గణితం కనిపెట్టింది. పుస్తకం పేరు కూడా మార్చేద్దాం."

"నేను కనిపెట్టలేదండీ. కొట్లో అలా ఉంది" అంది టీచరమ్మ.

"ఏ కొట్లో ఉందమ్మా? నేను నెలనెలా కొంటున్న సరుకు! ఇదిగో, అందరూ వినండి. ఆ డబ్బా ఐదు పొట్లాల కంటే ఎక్కువని ఏ కొట్లోనైనా సరే చూపిస్తే, ఆ మొదటి పేజీలో నా పేరు నా చేత్తోనే కొట్టేస్తాను. సరేనా?"

"పేరు సంగతి తర్వాత" అన్నాడు యజమాని గడియారం చూసుకుంటూ. "నాలుగింటికి అచ్చుకి ప్లేట్లు చెయ్యాలి. ఈలోగా తేల్చండి."

"పదమ్మా" అని లేచాడు జవాబుల మాస్టారు. "సందు చివర నేను కొనే కొట్టుకే పోదాం."

"నేను రాసుకున్నది కూడా అక్కడేనండీ" అంది టీచరమ్మ.

కొట్టావిడ బల్ల వెనక కూర్చుని పప్పులో రాళ్లు ఏరుతోంది. ఆయన్ని చూడగానే లేచింది.

"రండన్నయ్యా! ఒకటో తారీఖు ఇంకా రాలేదే, పొడి అప్పుడే అయిపోయిందా?"

"కొనడానికి రాలేదు. ధర అడగడానికి వచ్చాను. సబ్బుపొడి కిలో డబ్బా ఎంత?"

ఆవిడ టీచరమ్మ వైపు చూసింది. మళ్లీ ఆయన వైపు చూసింది. "మీకా?"

"మీకా ఏంటమ్మా? మనిషికో ధర ఉంటుందా?"

"నూట ఇరవై" అంది, గొంతు తగ్గించి.

"వినపడిందా?" అన్నాడాయన టీచరమ్మతో. "కాస్త గట్టిగా చెప్పమ్మా, ఈవిడకి చదువెక్కువై చెవులు మూసుకుపోయాయి."

టీచరమ్మ డబ్బాల వరస కింద అంటించిన ధర చీటీ వైపు చూసింది. ఏదో అర్థమైనట్టు ఆమె మొహం మారింది. "సరే లెండి. వెళ్దాం పదండి" అంది.

"ఎక్కడికి వెళ్లేది? ఇంకా తేలలేదు. పొట్లం ఎంత?"

"ఇరవై నాలుగన్నయ్యా."

"ఇరవై నాలుగా?" ఆయన ఒక్క క్షణం తడబడి సర్దుకున్నాడు. "సరే, ఐదు పొట్లాలు నూట ఇరవై, డబ్బా నూట ఇరవై. సమానం! సమానమైతే ఎక్కువ కాదుగా? ఏ లెక్కన చూసినా ఈవిడది తప్పే."

అప్పుడే బట్టలుతికే ఆవిడ ఒకామె మూట అరుగు మీద దించి, "కిలో డబ్బా ఒకటివ్వు" అంది. ఒక వందనోటు, మూడు పదినోట్లు బల్ల మీద పెట్టింది. కొట్టావిడ డబ్బా ఇచ్చింది, డబ్బులు తీసుకుంది. తిరిగి చిల్లరేమీ ఇవ్వలేదు.

జవాబుల మాస్టారు కళ్లు పెద్దవి చేశాడు. "ఆగమ్మా! నూట ముప్ఫై తీసుకున్నావేం? పట్టపగలు మోసమా? కష్టపడి బతికేవాళ్ల దగ్గర పది రూపాయలు నొక్కేస్తావా? అంకెలు రానివాళ్లు కనిపిస్తే చాలు, మీ కొట్లవాళ్లకి పండగ!"

"ఏంటీ?" అని బట్టలావిడ నడుం మీద చెయ్యి పెట్టింది. "నా దగ్గర నూట ముప్ఫై, ఈయన దగ్గర నూట ఇరవైయా? ఆరేళ్ల నుంచీ కొంటున్నాను నీ దగ్గర. ఇదేనా నీ మర్యాద?"

"అయ్యో వదినా, గట్టిగా అరవకు" అంది కొట్టావిడ. జవాబుల మాస్టారి వైపు చూసి ఇబ్బందిగా నవ్వి, బట్టలావిడ చెవి దగ్గరికి వంగింది. అయితే ఆవిడది బేరాలాడి ఆడి బొంగురుపోయిన గొంతు, గుసగుసకి లొంగేది కాదు. "అసలు ధర నూట ముప్ఫైయే. అదిగో చీటీ. ఆయనకి లెక్కలు రావు, పాపం."

జవాబుల మాస్టారు బల్ల మీదికి వంగి, చదవడానికి పెట్టుకునే కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ఆ చీటీ వైపు చూశాడు. ఇన్ని నెలల్లో ఆ చీటీ వైపు ఒక్కసారీ తల ఎత్తిన గుర్తు లేదు. నూట ముప్ఫై అని ఉంది, చక్కగా, గుండ్రంగా.

"ఎవరికి రావు?" అన్నాడు.

"కోప్పడకండన్నయ్యా. తప్పేముంది అందులో?" అంది కొట్టావిడ. "డబ్బా ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉంటుంది. రేకు ఊరికే వస్తుందా, దాని మూత ఊరికే వస్తుందా? రేకు కావాలనుకున్నవాళ్లు డబ్బా కొంటారు, పొడి కావాలనుకున్నవాళ్లు పొట్లాలు కొంటారు. మీరేమో ఎప్పుడూ డబ్బాయే అడిగేవారు. కొత్తలో ఒకసారి చెప్పబోయాను, పొట్లాలు తీసుకోండన్నయ్యా అని. 'నాకే లెక్కలు చెప్తావా' అని కసిరారు. సరే, రాదని ఒప్పుకోడానికి మనిషికి నామోషీ కదా అనుకున్నాను. చేతికెప్పుడూ సిరా, ప్రెస్సులో మెషిను తుడిచే పని కాబోలు, ఎంతిస్తారో ఏమో. మీరెందుకు నష్టపోవాలి? ఐదు పొట్లాలకి ఎంతవుతుందో అంతే తీసుకుంటున్నాను. ధర పెరిగినప్పుడల్లా అలాగే."

బట్టలావిడ చెయ్యి నడుం మీద నుంచి దిగింది. "అదా సంగతి" అంది మెత్తగా. ఆయన వైపు తిరిగి, "పోనీలే అన్నయ్యా, మా ఆయనా అంతే. వేళ్లు దాటితే చెప్పలేడు" అని ధైర్యం చెప్పి మూట ఎత్తుకుంది.

కొట్టావిడ ఇంకో ఉపాయం కూడా చెప్పింది. "మీ ప్రెస్సులోనే వేస్తారుగా, పిల్లల లెక్కల పుస్తకం? ఒకటడిగి తీసుకోండి. తీరికున్నప్పుడు చూసుకోవచ్చు. భయం లేదన్నయ్యా, వెనకాల జవాబులు కూడా ఉంటాయి."

టీచరమ్మ నవ్వలేదు. ఆయన ఎవరో చెప్పనూ లేదు. సంచీ తెరిచి, "నాకు రెండు పొట్లాలివ్వమ్మా" అంది. నలభై ఎనిమిది లెక్కపెట్టి ఇచ్చి, ఆ మాటా ఈ మాటా కలిపి కొట్టావిడ చూపు తనవైపు తిప్పుకుంది. ఆలోగా ఆయన మెట్లు దిగాడు.

సందులో సగం దూరం నడిచారు.

"ఆవిడకి మీరెవరో తెలీదు" అంది టీచరమ్మ. "నేను చెప్పను. ఓనరుగారితో కూడా, ధర ఈమధ్యే మారిందట, నేను రాసినవే వేద్దాం అందాం. మీ పేరు ఉండనివ్వండి మాస్టారూ. ఇరవై రెండేళ్ల పని."

ఆయన ఆగాడు. ఒక్క మధ్యాహ్నంలో ఇంతమంది జాలిపడడం ఆయన ఒంటికి సరిపడలేదు. "నీ జాలి పొట్లాల్లో దొరుకుతుందా, కిలో డబ్బాయే తీసుకోవాలా?" అన్నాడు.

టీచరమ్మ మొహం చిన్నబోయింది. కాని పక్కనే నడిచింది.

ప్రెస్సులో యజమాని ఎదురొచ్చాడు. "ఏం తేలింది?"

"ఆవిడదే రైటు."

"ఏదీ, మళ్లీ చెప్పండి?"

"చెవుడా మీకు? ఆవిడదే రైటన్నాను."

కుర్చీలో కూర్చుని ఎర్ర కలం తీశాడు. ఇరవై ఆరు కొట్టి ఇరవై నాలుగు వేశాడు. నూట ఇరవై కొట్టి నూట ముప్ఫై వేశాడు. వెనక పేజీలో 'పొట్లాలు చవక, పది రూపాయలు' అని రాశాడు. తర్వాత మొదటి పేజీ తీశాడు. కుదురుగా ఉన్న తన పేరు మీదా, దాని పైవరస మీదా స్కేలు పెట్టి గీత గీశాడు.

"అదేంటండీ!" అన్నాడు యజమాని. "ఏదో నోరు జారి అన్నమాటకి..."

"నేను నోరు జారను."

"అయితే ఆ ఖాళీలో ఏం పెట్టను?"

"ఏమీ పెట్టకండి. మీ పుస్తకం చదివేవాళ్లు మొదటి పేజీ చూస్తారా ఏమన్నానా!"

ప్లేట్లు ఆ రోజు చెయ్యలేదు. ఆయన చెయ్యనివ్వలేదు. సాయంత్రం ప్రెస్సు మూసేదాకా, మళ్లీ సోమవారం పొద్దున్నుంచీ, మొదటి లెక్క దగ్గర్నుంచి చదువుతూ కూర్చున్నాడు. అంకెలు కాదు, మాటలు. తిడుతూనే చదివాడు. కుళ్లిన ఉల్లిపాయలు నాలుగూ లెక్కలోకి తిరిగొచ్చాయి. పప్పులో రాళ్లు కూడా వచ్చాయి. జవాబులు రెండు మారాయి. కిటికీ దగ్గర గాలి జోరుగా ఉంటే, చూడకుండానే చెయ్యి చాచి, "ఆ జిగురు డబ్బా ఇలా పెట్టమ్మాయ్" అన్నాడు. బైండింగు అమ్మాయి ఉలిక్కిపడి పెట్టింది. ఆయనకి ఆ సంగతి ఎప్పటి నుంచి తెలుసో ఆ అమ్మాయికి తెలియలేదు.

ఒకటో తారీఖుకి పుస్తకం బయటికి వచ్చింది. మొదటి పేజీలో కింద వేలెడు జాగా ఖాళీ. దాన్ని చంకలో పెట్టుకుని కొట్టుకి వెళ్లాడు.

"ఐదు పొట్లాలు" అన్నాడు, బల్ల మీద నూట ఇరవై పెట్టి.

కొట్టావిడ మొహం వెలిగిపోయింది. "నేర్చుకున్నారే అన్నయ్యా! చూశారా, ఎంతసేపు! ఎవరు చెప్పారు?"

నాలుక చివరి దాకా ఏదో వచ్చింది. అలవాటైన మాటే, పదునుగానే ఉంది. మింగేశాడు.

"మా ఇంట్లో ఆవిడ" అన్నాడు. "ఎప్పుడో చెప్పింది."

ఇంట్లో భార్య మిషను దగ్గర ఉంది. పొట్లాలు చాప మీద పెట్టి, పుస్తకం ఆమె ఒళ్లో పెట్టాడు. ఆమె చెయ్యి తుడుచుకుని మొదటి పేజీ తెరిచింది. వేలు పేజీ కిందికి జారి, ఆ ఖాళీ దగ్గర కాసేపు ఉంది. ఆయన గోడకేసి చూశాడు. ముప్ఫై ఒక్క డబ్బాలు. ఒక్కోటీ ఒక్కో నెల ఎవరో పాపం అనుకుంటే ఇంటికి వచ్చినవి. మూతలన్నీ తళతళమంటున్నాయి.

ఆమె పుస్తకాన్ని నీలం తొడుగులో దూర్చి, గుండీ పెట్టింది. తర్వాత పొట్లాలు చూసింది.

"డబ్బా తేలేదా?"

"పొట్లాలే చవక. కిలోకి పది రూపాయలు" అని, దెబ్బ కోసం కాచుకున్నవాడిలా నిలబడ్డాడు.

"అలాగా" అందామె. అంతే. సూదిలో దారం ఎక్కిస్తూ, "కొక్కేలకి ఒక డబ్బా కావాలనుకున్నాను. సరే, చూద్దాం లెండి" అంది.

"డబ్బా డబ్బా అని ఏంటి గోల! ఆ రేకుముక్కకి పది రూపాయలు పొయ్యాలా? బుద్ధున్నవాళ్లు చేసే పనేనా?"

"మూతతో సహా పది రూపాయలకి వస్తే చవకేగా మరి."

నీకేం తెలుసు అనడానికి ఆయన నోరు తెరిచాడు. ముప్ఫై ఒక్క డబ్బాల వైపు మళ్లీ చూశాడు.

"బయట ఎంత?" అన్నాడు.

ఆమె మిషను చక్రం మీద చెయ్యి ఆపి, ఎగతాళేమోనని ఆయన మొహంలోకి చూసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన తనని ఒక ధర అడగడం ఇదే మొదటిసారి.

"రేకు పనివాడి దగ్గర పద్దెనిమిది" అంది. "మూత విడిగా."

ఆయన చాప మీద కూర్చున్నాడు. జేబులోంచి ఎర్ర కలం తీశాడు.

"మూత ఎంత?" అన్నాడు.